మడుగు దాటించే మనిషి

గుహ అడుగున పెద్ద మడుగు. పడవలో ఇద్దరే ఉన్నారు: తెడ్డు వేసే పెద్దాయన, చూడ్డానికి వచ్చిన ఒక అమ్మాయి.

"మధ్యలో కూర్చోండి మేడమ్. అంచు మీద చెయ్యి వేయకండి, రాయి ఒరుసుకుంటుంది."

"మిగతావాళ్ళు రారా అండీ?"

"ఇవాళ జనం పలచగా ఉన్నారు. మీ ఒక్కరికే పడవ. అదిగో, ఎదురుగా ఏనుగు రాయి. తొండం కనబడుతోందా?"

"లేదండీ."

"నాకూ ఎప్పుడూ కనబడలేదు లెండి. ఆఫీసువాళ్ళు చెప్పమన్నారు, చెబుతున్నా. ఒకాయనైతే అచ్చం మా అత్తగారే అన్నాడు. పక్కనే ఆవిడ కూతురు! పడవ దిగేదాకా ఆయన నోరు మళ్ళీ లేస్తే ఒట్టు."

"పాపం."

"నవ్వారు, హమ్మయ్య. ఇందాకట్నుంచీ మొహం అదోలా పెట్టుకున్నారు. ఒక్కరే వచ్చారా? అమ్మా, నాన్నా..."

"నీళ్ళు చాలా లోతా అండీ?"

"లోతే. పైకి అద్దంలా ఉంటాయి గానీ అడుగు ఎవరికీ అందలేదు. ఆ మూల రాయి ఉంది చూశారూ, దాని కిందనుంచి ఎటో పోతాయి. ఎక్కడ తేలతాయో ఎవరికీ తెలీదు."

"మీరు... చాలా కాలంగా ఇక్కడేనా?"

"జుట్టు నల్లగా ఉన్నప్పట్నుంచీ."

"వేరే పని దొరకలేదా?"

"ఎందుకు దొరకలేదు? పైన టికెట్లిచ్చే గదిలో కూర్చోమన్నారు. వెలుతురూ, ఫ్యానూ, కుర్చీ. వద్దన్నాను."

"ఎందుకని?"

"కుడివైపు చూడండి. దాన్ని తెర రాయి అంటారు. దీపం వెలుగులో మడతలు మడతలుగా..."

"ఎందుకని వద్దన్నారు?"

"మావాడు ఇక్కడే ఉన్నాడు మేడమ్."

"మీవాడంటే?"

"కొడుకు. నాకు క్యారేజీ తెచ్చేవాడు. క్యారేజీ కన్నా కాస్త పొడుగు, అంతే. ఆరోజు పైన వాన. లోపలున్నవాళ్ళకేం తెలుస్తుంది? నీళ్ళు ఒక్కసారిగా లేచాయి. పడవనిండా జనం. చంటిపిల్లలు, ముసలాళ్ళు. అందర్నీ మెట్లెక్కించాను. ఒక్కరికి చిన్న గీత కూడా పడలేదు. నేనూ పైకొచ్చాను. మా ఆవిడ ఎదురొచ్చి, వాడేడీ అంది. వాడు కిందకి దిగి చాలాసేపయిందట."

"చెప్పొద్దులెండి."

"అడిగారుగా."

"వద్దు. చాలు."

"తాళ్ళొచ్చాయి, ఈతగాళ్ళొచ్చారు. ఆ మూల రాయి దగ్గర క్యారేజీ మూత ఒక్కటి దొరికింది. వాడు దొరకలేదు. మరి వాణ్ణి వదిలేసి ఫ్యాను కింద ఎలా కూర్చోను?"

"మీ ఆవిడ... ఏమన్నారు?"

"ఊరూపేరూ తెలియనివాళ్ళందర్నీ ఒడ్డుకి చేర్చావు, నా బిడ్డనొక్కణ్ణి వదిలేశావు అంది. ఇంకో మాట కూడా అంది, అది వద్దులెండి. ఆరోజు వాణ్ణి పంపింది తనే. ఆ సంగతి తనూ అనలేదు, నేనూ అనలేదు. పెద్దదాన్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది."

"మీరు వెతుక్కుంటూ వెళ్ళలేదా?"

"వెళ్ళాను. తలుపు తీయలేదు. పిల్ల మాత్రం కిటికీ ఊచలు పట్టుకుని చూస్తోంది."

"పిలవొచ్చుగా? ఒక్కసారి పిలిస్తే..."

"పిలిస్తే?"

"వచ్చేదేమో... అని."

"వచ్చేదే. అందుకే పిలవలేదు. వాళ్ళమ్మకి మిగిలింది అదొక్కతే. దాన్నీ నేను లాక్కొస్తే ఆవిడ ఏమైపోవాలి?"

"ఆ సంగతి ఆ పిల్లకి తెలీదు కదండీ. నాన్నకి నేను అక్కర్లేదనుకుంటూ పెరిగుంటుంది."

"అనుకునే ఉంటుంది."

"ఎంత కోపంగా ఉంటుందో!"

"ఉండనీ. ఎక్కడో ఎండలో తిరుగుతోంది కదా, నాకదే చాలు. ఇదిగో, ఇక్కడ దీపం ఆర్పి చూపిస్తాం. కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. భయమైతే వద్దు."

"ఆర్పండి."

"ఆర్పేశా. ఎలా ఉంది?"

"బాగుంది."

"ఏడుస్తున్నారా?"

"లేదండీ. జలుబు."

"ఇక్కడికొచ్చాక జలుబు చేయడం మామూలే. దీపం వెలిగించనా?"

"వద్దు, ఇంకాసేపు ఆగండి. వెలుతురులో చెప్పలేను. మీకో మాట చెప్పాలనే వచ్చాను. దారంతా అనుకుంటూనే ఉన్నాను, ఎలా మొదలుపెట్టాలో... ఎలా..."

"నువ్వు చెప్పలేవులే తల్లీ. మెట్లు దిగుతుంటేనే పోల్చుకున్నాను. తను ప్రాణంతో ఉండగా నిన్ను నా గుమ్మం తొక్కనివ్వనని నా ముందే ఒట్టేసింది. మీ అమ్మ ఎప్పుడు పోయిందమ్మా?"