ఉప్పుమంచుకు లొంగని రేకు

అల్లుడు సముద్రం పక్కన ఇల్లు కట్టుకున్నాడు. గేటు బిగించారు గాని ఇంకా రంగు వేయలేదు. ఆ మాట చెవిన పడటమే ఆలస్యం, మామగారు అటక మీంచి పాత రంగు డబ్బా ఒకటి దింపి, పంచె చెంగుతో తుడిచి, వరండాలో అల్లుడి కుర్చీ పక్కనే పెట్టారు. ఆయన లోహాలనూ వాటి పూతలనూ పరీక్షించే ల్యాబులో పనిచేసి రిటైరైన మనిషి. వంటింట్లో టీ వడగడుతున్న అత్తగారు అది చూశారు. డబ్బా దిగిందంటే కథ కూడా దిగుతుంది.

ఇన్నేళ్లూ ఆ కథ విని ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ఉత్త కోతలైతే ఎవరికి నష్టం? కానీ ఈసారి ఆ రంగు కూతురి గేటుకు పూసేలా ఉన్నారు. సముద్రపు గాలికి ఏడాది తిరక్కుండానే ఇనుము పొరలు పొరలుగా రాలుతుంది. నిజం చెబితే కొత్తల్లుడి ముందు ఆయన మొహం చిన్నబోతుంది. చెప్పకపోతే గేటు పోతుంది.

"పెద్ద గొప్పేం కాదు బాబూ," అని మొదలుపెట్టారు మామగారు. "మా దగ్గర ఉప్పుమంచు పరీక్ష అని ఒకటుండేది. ఒక పెట్టెలో ఉప్పునీళ్లు సన్నగా మంచులా చిమ్ముతాం. రంగు పూసిన ఇనపరేకు మీద సూదితో గీత గీసి అందులో నిలబెడతాం. ఆ గీత దగ్గర తుప్పు ఎంత పాకితే పూత అంత నాసిరకమన్నమాట. అంతకుముందు పెట్టిన రేకులన్నీ ఎర్రగా పుండ్లు పడ్డాయి. ఈ డబ్బాలో రంగు వేసిన రేకు మాత్రం అద్దంలా బయటికొచ్చింది. అంతే."

"మంచి పూతేనండీ మామయ్యగారూ," అన్నాడు అల్లుడు.

ఆ ఒక్క మెప్పూ చాలింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పట్టుదలకి పోయి సుత్తి గుండు వదిలాం. దెబ్బకి రంగు పెచ్చు లేస్తుందా లేదా అని చూసే పరీక్షలే అది. గుండు రేకు మీద పడి ఎగిరింది బాబూ, పైకప్పు చీల్చుకుని పోయింది. పొద్దున పోయిన గుండు సాయంత్రం టీ వేళకి గాని దిగలేదు."

"వస్తూ వస్తూ బిస్కెట్లు తెచ్చిందా బావగారూ?" అన్నాడు మెట్ల మీద కూర్చున్న పక్కింటి దర్జీ.

"నువ్వాగవయ్యా. రేకుని లాగుడు మిషన్‌కి బిగించాం. ఇనుమెంత సాగి తెగుతుందో చెబుతుందది. లాగితే రేకు సాగదే! మిషనే మూరెడు పొట్టిదైంది. ఇంకో చిత్రం, ఆ రేకుని మా ఆఫీసరు కారు దగ్గర పెడితే కారుకున్న తుప్పు కాస్తా సిగ్గుపడి దిగి వెళ్లిపోయింది. చివరికి కంపెనీవాళ్లు కాళ్ల మీద పడ్డారు. ఒకసారి కొన్నవాడు మళ్లీ రంగు కొనడు, మేం బతకాలా వద్దా అని. అందుకే ఇది బజారులో లేదు."

అల్లుడు డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "అయితే రేపే గేటుకి వేయిద్దామండీ."

టీ పళ్లెంతో వచ్చిన అత్తగారు గుమ్మంలోనే ఆగారు.

"ఏమండీ, ఆ పరీక్షకి ఉప్పు తేవాల్సింది మీరే కదూ?"

"నేనే. స్టోర్సు నుంచి స్కూటర్ మీద."

"ఆ సంచి డిక్కీలోనే ఉండిపోయింది. పరీక్ష అయిపోయాక కూరల కోసం తెరిస్తే కనబడింది. కుట్టు కూడా విప్పలేదు. ఆ రోజు మీ సంతోషం చూసి నాకు నోరు రాలేదు."

దర్జీ టీ అందుకుని నెమ్మదిగా అన్నాడు. "అంటే బావగారూ, రేకుకి మీరు పెట్టింది పరీక్ష కాదు, స్నానం."

మామగారు తల వంచుకుని టీ గ్లాసు అందుకున్నారు. అత్తగారికి చివుక్కుమంది.

లోపల్నుంచి కూతురు వచ్చి భర్త చేతిలోని డబ్బా అందుకుంది. "గేటుకి వేరే రంగు చూద్దాం. మా స్నానాలగది కిటికీ ఊచలకి ఇది వేద్దాం నాన్నా. అక్కడ పడేది మంచినీళ్లేగా. నువ్వే వచ్చి వేసిపెట్టాలి."

మామగారు రెండు గుక్కలు తాగారు. కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నారు.

"మంచినీళ్లకైతే దీన్ని మించిన పూత భూమ్మీదే లేదమ్మా," అన్నారు. "పరీక్ష చేసి మరీ చెబుతున్నాను."