చుంచెలుక ప్రాణం తీయకుండానే గెలిచిన సాజిదా గారు

1993 జూలై ఐదో తేదీన ప్రొద్దుటూరు కళాశాలలో శ్రీమతి సాజిదా గారు జంతుశాస్త్ర అధ్యాపకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. బల్లమీద కప్పను కోసి చూపడం కంటే బతికున్న జీవిని దాని నెలవులోనే చూపడం మేలని తొలినాళ్లలోనే తేల్చిచెప్పి, శాఖాధిపతి గంగాధరం గారికి తలనొప్పి తెచ్చిపెట్టిన ఘనత వారిది.

జమ్మలమడుగుకు బదిలీ అయినప్పుడు, మైలవరం జలాశయం కింది తడి చేలల్లో పురుగులు తిని బతికే చుంచెలుకలను వారు శ్రద్ధగా పరిశీలించారు. అనంతరం పులివెందులకు వెళితే, అక్కడి ఎండు గుట్టల్లోనూ అదే జాతి కనిపించింది. కానీ పరిమాణంలో బాగా చిన్నది. ఎండా, తేమా, దొరికే తిండీ కలిసి ఆ జీవి ఎక్కడ నిలవాలో, ఎంత పెరగాలో నిర్ణయిస్తున్నాయని సాజిదా గారు వ్యాసం రాసి, తమ పాత శాఖాధిపతికే పరిశీలనకు పంపారు. గంగాధరం గారు దానిమీద నీళ్లు చల్లారు. అవి ఇంకా ఎదగని పిల్లలేననీ, నాలుగింటిని చంపి పుర్రెలు, పళ్లు చూపితే తప్ప వ్యాసం గడప దాటదనీ అన్నారు. ఏళ్ల శ్రమ అక్కడ ఆగిపోయింది.

“దాని వయసు తెలుసుకునేదానికి దాని పానం తీసేదేంది సార్? యాడన్నా రుజువు దొరుకుతాది. నేను ఆగుతా,” అన్నారు సాజిదా గారు.

ఆగడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. ఇనుప బోను ఎండకు కాలితే లోపలి ప్రాణి మాడిపోతుందని, మట్టి ముంతలను మూతిదాకా నేలలో పాతి, తడిగుడ్డ పరిచి, రాత్రి అందులో పడ్డ చుంచెలుకలను పొద్దెక్కకముందే వెళ్లి చూసి విడిచిపెట్టేవారు. వానలు పడ్డాక ఒక ఉదయం గంగాధరం గారినీ పట్టుబట్టి గుట్ట ఎక్కించారు. మోకాళ్లను తిట్టుకుంటూ వచ్చిన ఆయన ఎదుట ఒక రాయిని మెల్లగా కదిపారు. కింది నుంచి బొటనవేలంత చుంచెలుక బయటికొచ్చింది. దాని తోక మొదలు కరిచి పట్టుకుని ఒక కూన, దాన్ని పట్టుకుని మరొకటి, ఆ వెనుక ఇంకొకటి!

“మీరు పిల్ల అనింది దీన్నే సార్. దీని ఎనకాల పోతాండేటివి ఏందో మీరే చెప్పండి.”

గంగాధరం గారు ఆ రాయిమీదే చతికిలబడి, కడుపుబ్బా నవ్వారు. ఆ సాయంత్రమే వ్యాసాన్ని తానే స్వయంగా పంపించారు.

తిరిగి ప్రొద్దుటూరు వచ్చి, నేడు పదవీ విరమణ చేస్తున్న సాజిదా గారు విశ్రాంతి మాట ఎత్తడం లేదు. పెద్దముడియం నల్లరేగడి చేలల్లోని చుంచెలుకల సంగతి ఇంకా తేలలేదట. కొత్త ముంతలు సిద్ధం చేసుకున్నారు. వారు నిండు ఆరోగ్యంతో, గట్టి మోకాళ్లతో నూరేళ్లూ ఆ దారుల్లో తిరగాలి. వెనుక ఒకరి కొంగు ఒకరు పట్టుకున్నట్టు, శిష్యులూ సహోద్యోగులూ వరుసగా నడుస్తూనే ఉంటారు.