గంజు పడవ షికారు

పొద్దటి నుంచి వాన తెరిపి ఇవ్వలేదు. మా కాలనీ నాలా పక్కన పల్లంలో ఉంటుంది కాబట్టి మధ్యాహ్నానికల్లా నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చేశాయి. బియ్యం డబ్బాలు అటకెక్కించి, పిల్లల్నీ తడిసిన బొంతల్నీ మోసుకుని అందరం చర్చి వరండా ఎక్కాం. అంత ఎత్తు అరుగు మా వాడలో ఇంకోటి లేదు. కరెంటు పోయింది, ఫోన్లు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. రెస్క్యూ పడవ బయల్దేరిందని కబురైతే వచ్చింది గానీ, అది వచ్చేలోపు నీళ్ళు వరండా ఎక్కుతాయేమోనని అందరి చూపులూ మెట్ల మీదే ఉన్నాయి.

దానికి తోడు రాజక్క ఒకతి. మిర్చి మార్కెట్‌లో తొడిమలు తీసే పని ఆమెది. ముందటి వరదలో ఆమె భర్త కట్టయ్య పోయాడని మాత్రం నాకు తెలుసు. నేను ఈ కాలనీకి ఆ తర్వాతే వచ్చాను, ఎట్లా పోయాడో ఎవరినీ అడగలేదు. ఆమె గోడకు ఆనుకుని, మూట ఒళ్ళో పెట్టుకుని, "మీరు పోండ్రి. నేను పడవ ఎక్క" అని ఒకే మాట పట్టుకుంది. ఎవరెన్ని చెప్పినా అదే మాట. ఆమెను వదిలేసి పోతే పొద్దుగూకేసరికి ఏమవుతుందో అందరికీ తెలుసు. నీళ్ళకు భర్తనిచ్చిన మనిషి, భయపడక ఏం చేస్తుంది అనుకున్నాం.

"రత్నం, నువ్వన్న జర చెప్పరాదు," అన్నాడు సదానందం. బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. "నీ కోతలకు నవ్వనోళ్ళు ఉండరు గదా. నవ్వితె ధైర్యమన్న వస్తది."

రత్నం పెళ్ళిళ్ళకీ చర్చి విందులకీ వంట చేసేవాడు. వంట మంచిదే. కానీ గరిటె కన్నా నోరు ఎక్కువ తిప్పుతాడు. అడిగిందే చాలన్నట్టు తువ్వాల దులిపి, రాజక్క ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.

"రాజక్కా, పడవంటె భయపడుతానవా? అరె, గీ వరంగల్లోళ్ళకు పడవ మీద మోజు పుట్టిచ్చిందే నేను! ఇయ్యాల ఆదివారమైతె సాలు, పెండ్లాం పిల్లలను ఏస్కొని చెరువు కాడికి పోయి బోటింగ్ టికెట్టుకు లైను కడ్తాన్రు గదా, జాకెట్లు తొడుక్కొని సెల్ఫీలు దిగుతాన్రు గదా, గీ షోకంతా ఏడికెల్లి వచ్చింది? నా గంజులకెల్లి వచ్చింది."

"గంజేంది కాకా?" అన్నాడు వినయ్. బైకు మీద పార్సిళ్ళు పంచే కుర్రాడు. అతని బైకు అప్పటికే నీళ్ళ కింద ఉంది.

"అన్నం గంజురా. బస్తా బియ్యం ఒక్కపారే ఉడుకుతయి దాంట్ల. అంతకుముందు మనోళ్ళకు నీళ్ళంటె ఏం తెల్సు? చెరువు నీళ్ళు పొలానికి, చేపలకు. వాగు దాటాలంటె పడవ ఎక్కాలె, దాటినంక దిగాలె, గంతే. సరదాకు నీళ్ళ మీద తిరుగుడంటె పనిలేనోని పని అనుకునేటోళ్ళు. ఇగ గా వరదొచ్చిన దినం, నేను వంట సామాను పైకెత్తుకుంటాన. నీళ్ళు నడుములకాడికొచ్చినయి. గంజు ఎత్తరాలే. గది నా చెయ్యిడ్సి, నీళ్ళ మీద తేలుకుంట, గేటు దాటి పోతాంది. పోనిస్తనా? ఎనుక ఉరికి ఎక్కి కూసున్న. కూసున్నంక సూస్తె, అరె, మస్తుగున్నది! అన్నం కలిపే చెక్క తెడ్డు చేతులనే ఉండె. ఒక్క పోటేసిన. గంజు గల్లీ దాటింది. ఇంకొక పోటేసిన. మెయిన్ రోడ్డు."

"రెండు పోట్లకేనా?"

"నా చెయ్యి గట్లాంటిది. ఆ తర్వాత ఏమైందో తెల్సా? ఒక ముసలామె మంచం మీద నిలవడి దేవుణ్ణి పిలుస్తాంది. అవ్వా, దేవుడు బిజీగున్నడు, నన్ను తోలిండు అని చెప్పి గంజుల కూసోవెట్టుకున్న. గీ చర్చి మెట్ల కాడ దించబోతె ఏమన్నదో ఎరికేనా? దిగ బిడ్డా, ఇంకొక్క చుట్టు తిప్పు అన్నది! మోకాళ్ళ నొప్పులని ఆర్నెల్లు బయటికి రాని ముసలిది! గంజు అంచు పట్టుకొని ఇడ్సలే. తర్వాత పిల్లలు. ముగ్గుర్ని ఎక్కిచ్చుకుంటె నవ్వుడే నవ్వుడు. దించితె ఏడ్సుడే ఏడ్సుడు. మళ్ళెక్కుతం, మళ్ళెక్కుతం అని."

వరండాలో ఒకరిద్దరు నవ్వారు. పిల్లలు దగ్గరికి జరిగారు. రాజక్క తల ఎత్తలేదు.

"గా ముచ్చట వాడంత పాకింది. ఇగ సూడు, నీళ్ళు రాని ఇండ్లోళ్ళు సుత వచ్చిన్రు. రత్నమన్నా, మమ్ముల సుత కాపాడు అని. మీ ఇంట్ల నీళ్ళు లేవు గదనె అన్న. ఇంటికి ఉరికి, బకెట్లతోని నీళ్ళు తెచ్చి గడపల పోసుకున్నరు! ఇప్పుడొచ్చినయి, ఎక్కిచ్చుకో అన్నరు."

"కాకా!"

"నవ్వకు. ఇంగ ఇనలే నువ్వు. లైను గట్టిన్రు. గా లైను ఏడిదాక పోయింది? మడికొండ దాక. ఐటీ పార్కు పోరగాండ్లు లాప్‌టాపులు నెత్తి మీద పెట్టుకొని నిలవడ్డరు. అంకుల్, యాపుల బుక్ చెయ్యాల్నా అని అడుగుతాన్రు. బిడ్డా, గీ గంజుకు యాపు లేదు, మూత ఒక్కటే ఉన్నది అన్న. ఒక జంట పెండ్లి బట్టలేసుకొని ఫొటోగ్రాఫరును ఎంటవెట్టుకొని వచ్చింది. వాళ్ళను సుత తిప్పిన. గా పిల్లకు ఇప్పుడు ఇద్దరు కొడుకులు. పెద్దోనికి ఈత ఎవ్వలు నేర్పలే, పుట్టుకతోనే వచ్చింది."

సదానందం నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. బయట ఏదో గోడ కూలిన చప్పుడైంది. ఎవరిదో తెలియలేదు. అందరం ఒకసారి అటు చూసి మళ్ళీ రత్నం వైపు తిరిగాం. అటు చూస్తూ కూర్చోవడం కన్నా అదే నయమనిపించింది.

"మనిషన్నాక ఆశ ఉంటది గదా. ఇంత మంచిగ నడుస్తాంటె ఈ గల్లీల తిరిగితె ఏమొస్తది అనుకున్న. ఖమ్మం రోడ్డు పట్టిన. గాలి ఎనుకకెల్లి కొడ్తాంది. వర్ధన్నపేట కాడ బస్సును ఓవర్‌టేక్ చేసిన. కండక్టరు కిటికీలకెల్లి తలకాయ పెట్టి, టికెట్, టికెట్ అని మొత్తుకుంటాండు. ఎవలనుకున్నవు? మన సదానందమే!"

"నేను అప్పటికే రిటైరైన," అన్నాడు సదానందం.

"రిటైరైనా నీకు గా అలవాటు పోలే. సరే, ఆడికెల్లి మళ్ళిన. ఖిలా వరంగల్ వచ్చిన. కోట చుట్టు కందకం నిండి పొర్లుతాంది. అండ్ల రెండు చుట్లు కొట్టిన. తోరణం మీద రాతి హంసలుంటయి సూడు, నా గంజును చూసి మెడలు తిప్పినయి. ఒకటి ఆగలేక దుంకింది. నా ఎనుకనే ఈదుకుంట వస్తాంది!"

"నేను మొన్ననే పోయిన కాకా, హంసలన్ని ఆడనే ఉన్నయి."

"నేనే తీస్కపోయి కూసోవెట్టిన. సర్కారు సొమ్ము, ఒకటి తక్కువైతె నన్ను పట్టుకోరా?"

ఈసారి వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఏడవడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళం కదా, కొంచెం ఎక్కువే నవ్వాం. నీళ్ళు ఇంకో మెట్టు ఎక్కాయి. రాజక్క ఇప్పుడు తలెత్తి రత్నం వైపే చూస్తోంది. మందు పని చేస్తోందనుకుని అతను గొంతు ఇంకా పెంచాడు.

"ఆఖరిది ఇను. వాన గట్టిగ పట్టింది. ఎంత గట్టిగ? కింది నీళ్ళేవి, మీది నీళ్ళేవి అని తెలుస్తలే. నేను తెడ్డేసుకుంట పోతాన, పోతాన, జర సేపటికి కిందికి చూస్తె భద్రకాళి చెరువు నా కాళ్ళ కింద పళ్ళెమంత కనవడ్డది! వాన పట్టుకొని మీదికి ఎక్కినన్నమాట. మబ్బుల కాడ గంజు ఆపి, చుట్ట ముట్టిచ్చుకొని, నిమ్మళంగ దిగొచ్చి, గిదే వరండా మీద ఆపిన. చుట్ట ఆరలే. ఇగ చెప్పు రాజక్కా. గంత దూరం తిరిగిన, గన్ని వందల మందిని ఎక్కిచ్చుకున్న. ఫికర్ ఎందుకు? నా గంజు ఎక్కినోడు ఒక్కడంటె ఒక్కడు పోలే."

"అవు," అంది రాజక్క. "ఎక్కినోడు ఒక్కడు పోలే. ఎక్కనోడే పోయిండు."

వినయ్ నవ్వబోయి ఆగిపోయాడు. రత్నం చెయ్యి, తెడ్డు పట్టినట్టు గాల్లో ఉన్నది, అట్లాగే కిందికి దిగింది.

"అక్కా..."

"గంజు నీదే తమ్మీ. తెడ్డు నీదే. నేను కాదంటలే. నువ్వు తెడ్డేసింది సుత నేను చూసిన. గుండ్రటి గంజు తెడ్డేస్తె ఉన్నకాడనే తిరుగుతది గని ముంగటికి పోతదా? లోపట నువ్వు కూసున్నవు. ఎనుక మెడల దాక నీళ్ళల్ల నిలవడి తోసింది మీ బావ."

రాజక్క గొంతు పెంచలేదు, తగ్గించలేదు. మార్కెట్‌లో పక్కన కూర్చున్నామెతో చెప్పినట్టే చెప్పుకుంటూ పోయింది.

"ఒక్కటి నిజమే చెప్పినవు. పిల్లలు నవ్విన్రు. మళ్ళెక్కుతం అన్నరు. ఎందుకు నవ్విన్రు? మొదలు ఎక్కిచ్చినప్పుడు జడుసుకొని మొత్తుకున్నరు గదా. మీ బావ ఏం చేసిండు, నోటితోని మోటరు సప్పుడు చేసిండు. బుర్రుమని. మలుపు కాడ హారను కొట్టిండు. నోట్లకు నీళ్ళు పోతాంటె ఉమ్ముకుంట, మళ్ళ బుర్రుమంటాండు. గా మెట్ల మీద నిలవడి నేను ఇన్న. మొగనికి పిచ్చి లేసిందా అని నవ్విన సుత. మా ఇంట్లకెల్లి ఎన్నడు చెరువు కాడికి పోయింది లేదు, పడవ ఎక్కింది లేదు. ఆయనకు మోటరు పడవ సప్పుడు ఎట్లుంటదో ఎట్ల తెల్సో నాకు తెల్వది. గీ వాడ పిల్లలకు పడవ మీద మోజు పుట్టింది గా సప్పుడుకు. నీ గంజును చూసి కాదు."

రత్నం పీట మీద వెనక్కి జరిగాడు. అతని మొహం వైపు చూడబుద్ధి కాలేదు. ఇంతసేపు నవ్వినందుకు నాకే సిగ్గేసింది.

"ఆఖరి పిల్లను మెట్ల మీదికి అందిచ్చిండు. నువ్వు సుత దిగినవు. ఇగ నువ్వు ఎక్కి గంజుల కూసోరాదయ్యా, జర దమ్ము తీసుకో అని నేను ఒర్రిన. ఎవలన్న మిగిలిన్రేమో చూసొస్త అన్నడు. మళ్ళ బుర్రుమనుకుంట తోసిండు. గాడ మురికినీళ్ళ మోరీకి మూత లేకుండె. సప్పుడు ఆగింది. గంజు ఒక్కటే తిరుగుతాంది."

ఒక తల్లి తన బిడ్డను దగ్గరికి లాక్కుంది. సదానందం, "రాజక్కా, గా మోరీ పక్కనే నా ఇల్లు. నాకు గిది తెల్వదు," అన్నాడు.

అప్పుడే గల్లీ మలుపులో పడవ కనిపించింది. నారింజ రంగు రబ్బరు పడవ. లోపల ఇద్దరు మనుషులున్నారు. తీగలు, బట్టలు చుట్టుకుంటాయని మోటరు ఆపేసినట్టున్నారు. మూడో మనిషి, మీసాలాయన, ఛాతీలోతు నీళ్ళలో నడుస్తూ తోసుకొస్తున్నాడు. మెట్లకు ఆనించి, అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"ముందుగాల పెద్దోళ్ళను ఎక్కియ్యండ్రి," అని కేకేశాడు.

అందరం రాజక్క వైపు చూశాం. ఆమె లేచింది. మూట చంకన పెట్టుకుని మెట్ల దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. లోపలివాళ్ళు చెయ్యి చాపితే పట్టుకోలేదు. నీళ్ళలో ఉన్న మనిషినే చూస్తోంది.

"ఎక్కు బిడ్డా," అంది అతనితో.

"నేను తర్వాత ఎక్కుతనమ్మా. నువ్వు రా."

"నువ్వెక్కితెనే నేనెక్కుత."

"నేను తొయ్యకుంటె గిది కదలదమ్మా. తెడ్లు సుత ఈ గల్లీల ఆడయి."

"కదలకుంటె మాయె. గందరం గిట్లనే కూసుందం."

అతనికి చిరాకు వచ్చింది. పొద్దటి నుంచి ఎన్ని గల్లీలు తిరిగాడో. "పెద్దమ్మా, పరేషాన్ చెయ్యకు. పడవంటె భయమైతె కండ్లు మూస్కో," అన్నాడు.

"పడవంటె భయమని నేనెవలికి చెప్పిన?" అంది రాజక్క.

నిజమే, ఆమె ఎవరికీ అట్లా చెప్పలేదు. ఎక్కనంది, అంతే. మిగతాదంతా మేమే అనుకున్నాం. అప్పుడు రత్నం మెట్ల మీదికి దిగాడు. ఏం కోస్తాడోనని వినయ్ అతని చెయ్యి పట్టుకోబోయాడు. రత్నం ఏమీ కొయ్యలేదు. విందు పందిళ్ళ కోసం గోడకు ఆనించి పెట్టిన వెదురు బొంగులు రెండు తెచ్చి పడవలో వేశాడు.

"లోపటికెల్లి వీటితోని గోడలకు పొడుసుకుంట పోవచ్చు. నువ్వు ఎక్కు తమ్మీ," అన్నాడు. "ఆమె అట్ల ఎక్కది."

మీసాలాయన అతన్ని చూశాడు, ఆమెను చూశాడు. ఏదో గొణుక్కుంటూ అంచు మీద చేతులు ఆనించి పైకి లేచాడు. లోపలివాళ్ళు భుజాలు పట్టి లాగారు. పడవ ఒకసారి పక్కకు ఒరిగి నిలబడింది. అతని ప్యాంటు నుంచి బురదనీళ్ళు ధారగా కారుతున్నాయి.

రాజక్క వెంటనే ఎక్కలేదు. మెట్టు మీద నుంచి వంగి పడవకు ఈ పక్క చూసింది. మెట్టు చివరికి జరిగి, మెడ చాచి ఆ పక్క కూడా చూసింది.

"ఇంకెవలన్న ఉన్నరా నీళ్ళల్ల?"

"ఎవలు లేరక్కా," అన్నాడు రత్నం.

ఆమె అతని మాట నమ్మలేదు. మీసాలాయన వైపు తిరిగి మళ్ళీ అడిగింది. అతను లేరన్నాక, కొంగు నడుముకు దోపుకుని పడవలో కాలు పెట్టింది.