బతికుండంగనే దండేసిన పటం

"నానమ్మా, గోడ మీది ఈ ఫోటో కింద రాజవ్వ అని పేరు రాసి మనోళ్లందరికీ పంపనా? మీ అత్తనే గదా?"

ఆగు బిడ్డా, ఆగు! పంపకు. జర గా ఫోను కింద పెట్టు. రాజవ్వ మా అత్త పేరే, నిజమే. గని గీ ఫోటోల ఉన్నది ఆమె కాదు. ఏంది గట్ల సూస్తవ్? ముందుగాల ఇను, తర్వాత నవ్వుదువు.

మా అత్త జిందగీల ఫోటో దిగలే. దిగితె ఆయుష్షు తగ్గుతదని ఆమె భయం. నా పెండ్లిల గూడ కెమెరా ఆయన రాంగనే వంటింట్ల సొచ్చి తలుపు పెట్టుకున్నది. దిగకున్నా తొందర్నే పాయె, నా పెండ్లైన మూడో ఏడు. మూడు కాదు, రెండో ఏడు, మీ పెద్దబాపు కడుపుల ఉన్నడు అప్పుడు. మా మరిది, గదే చెన్నూరుల ఉంటడు సూడు మీ లింగయ్య తాత, గాయన గింతంత పోరడు, మాటలే సరిగ రాలే.

దినాలకు పటం పెట్టి దండెయ్యాల్నంటె ఫోటో లేకపాయె. మా అత్తకు ఒక చెల్లె ఉండె, పోశవ్వ, మా చిన్నత్త. గీ వాడకట్టుల్నే ఇల్లు. ఆమెకు ఫోటోల పిచ్చి. జాతరల, ఎనుక మోటరు బొమ్మ పరదా ఏపిచ్చుకొని మరీ దిగింది. మీ తాత ఏం చేసిండు? గా ఫోటో సప్పుడు గాకుంట తీస్కపోయి, లక్సెట్టిపేటల పెద్దగ చేపిచ్చి, మా అత్తకున్నట్టు ముక్కుపుల్ల గీపిచ్చి పటం కట్టిచ్చిండు. అక్కచెల్లెండ్లే గదా, ఎవలు గుర్తుపడ్తరన్నడు. మీ తాత తెలివి గట్లుంటది!

గా ఇద్దరికి బర్రె దుడ్డె కాడ కొట్లాటై ఏండ్లసంది మాటల్లేవు. అయినా దినాల నాడు చిన్నత్త ఏడ్సుకుంట వచ్చింది. పటం సూసింది. ఏడుపు బందైంది. "ఓరి మీ నోట్లె మన్నువడ, నేను బతికే ఉన్న గదరా, నాకు దండేసిన్రేందిరా!" అన్నది. మా మామ చేతులు జోడిచ్చి, "ఊకో పిల్లా, సుట్టాలున్నరు" అని బతిలాడిండు. నాకైతె నవ్వు ఆగలే, కొంగు నోట్లె కుక్కున్న.

ఇగ పెత్రమాస వస్తె సాలు, చిన్నత్త పొద్దుగాల్నే వచ్చి పటం ముంగట కూసునేది. పెద్దలకు పెట్టిన గారెలు తీస్కొని, "నా ముంగట పెట్టిన్రు, నేనే తింట" అని తినేది.

గని బిడ్డా, లింగయ్యను సాదింది ఆమెనే. పసిపిల్లల తల్లిని, నాకేడ తీరేది? ఆమెనే తానం పోసింది, అన్నం తినిపిచ్చింది. గా పటం సూపెట్టి "గిదే మీ అవ్వ, నిన్ను కన్న తల్లి" అని చెప్పింది గూడ ఆమెనే. పోరడు పటాన్ని ఒకపారి, ఆమెను ఒకపారి సూసేటోడు.

ఆమె పోయినంక మల్ల ఫోటో లేకపాయె! ఉన్న ఒక్కటి అక్క పేరు మీద పాయె గదా. పెత్రమాసకు మీ తాత గా ఒక్క పటం ముంగట్నే రెండిస్తార్లు ఏసి బువ్వ పెట్టిండు. రెండెందుకు వదినా అని లింగయ్య అడిగితె, మీ అవ్వకు ఆకలెక్కువ అన్న.

ఇప్పుడు మీ తాత లేడు, మామ లేడు. ఎరుకున్నదాన్ని నేనొక్కదాన్నే. లింగయ్య మస్కట్ పోయినప్పుడు గూడ గీ ఫోటో నకలు పెట్టెల పెట్టుకపోయిండు, లేవంగనే మొక్కేటోడు. నువ్వు మొక్కింది మీ అవ్వకు కాదని గాయనకు నేనెట్ల చెప్పాలె? చెప్పకుండ పోతె మా అత్త పేరు మీద చిన్నత్త మొఖమే ఉండిపోతది. గిదే నా పరేషాన్.

కలుపు ఫోను. ఇయ్యాల్నే చెప్పేస్త.

లింగయ్యా, మంచిగున్నవా? జర కూసో, నిలవడి ఇనేది కాదు. గా మీ అవ్వ పటం ఉన్నది సూడు... ఏంది? ఎరుకనా? ఎప్పటిసంది? చిన్నత్త పోయేటప్పుడు నీ చెవుల చెప్పిందా? ఓరి దొంగా! మరి రెండిస్తార్లు ఎందుకని నన్నెందుకు అడిగినవ్? నేనేం చెప్తనో సూద్దామనా! సూసినవా బిడ్డా, ఇన్నేండ్లు నన్ను ఆడిచ్చిండు.

ఆ, ఇంటున్న. అన్నం పెట్టినామెకే మొక్కిన అంటవా? మంచిగనే మొక్కినవ్. దాని కింద పోశవ్వ అనే రాయిస్త తియ్యి. ఏమంటున్నవ్? గట్టిగ చెప్పు. మీ అవ్వ ఎట్లుండేదా? నీకు జర్రంత గూడ యాదికి లేదా?

చెప్త లింగయ్యా, చెప్త. ఏడ్వకు. బిడ్డా, నువ్వు గూడ రాసుకో. ఫోటో లేకుంటె మాటలన్న ఉండనీ, పైన రాజవ్వ అని పెట్టు. పొడుగు మనిషి. చామనచాయ. పెదివి కింద, గదువ మీద పచ్చబొట్టు సుక్క. నవ్వొస్తె ఆపుకునేది కాదు, కండ్లల్ల నీళ్లొచ్చేదాంక నవ్వేది. నిన్ను సంకల ఎత్తుకొనే బాయిల నీళ్లు చేదేది లింగయ్యా, కింద దించితె ఏడుస్తవని...