ముడి విప్పిన మూటలు

బట్టల కొట్టు వెనక గోడౌను. మధ్యాహ్నం దాటింది. షట్టరు సగం దించి ఉంది. లోపల ఇద్దరే ఉన్నారు: కొట్టు యజమాని, అతని అక్క భర్త. బావగారిది పళ్ల డాక్టరు వృత్తి, ఊళ్లో సేవా క్లబ్బుకి అధ్యక్షుడు కూడా ఆయనే.

"మొదలుపెట్టినప్పుడు నా చేతిలో ఏముంది బావా? ఈ గోడౌను, ఒక కత్తెర, మీరు చొక్కాకి గుచ్చిన బ్యాడ్జీ. 'వరద బట్టల ఇన్‌చార్జి' అని. వాటితో ఏం చెయ్యగలనో అదే చేశాను."

"కత్తెర ఎవరిచ్చార్రా నీకు? క్లబ్బు ఇచ్చిందా?"

"కత్తెర నాదే. బట్టలవాడి దగ్గర కత్తెర కాక పళ్లు పీకే పట్టకారు ఉంటుందా?"

"వేళాకోళం వద్దు. నేనిప్పుడు బావగా రాలేదు. అధ్యక్షుడిగా వచ్చాను."

"అయితే కుర్చీ వేస్తానుండండి. బావైతే ఆ తానుల మీద కూర్చోమనేవాణ్ణి."

"కూర్చోను. ముందు చెప్పు, వరదవాళ్ల కోసం ఊళ్లోవాళ్లిచ్చిన మూటలు విప్పావా లేదా?"

"విప్పాను."

"ఎన్ని?"

"అన్నీ."

"మన క్లబ్బు పుట్టిన దగ్గర్నుంచీ ఒక పద్ధతుంది. దాత కట్టిన ముడి కట్టినట్టే వెళ్లాలి. మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఇచ్చినవాళ్ల మీద అది మన గౌరవం."

"పుచ్చుకునేవాళ్ల మీద?"

"ఏంటి?"

"పుచ్చుకునేవాళ్ల మీద గౌరవం ఏ ముడిలో ఉంది అంటున్నా."

"మాటలు బాగా నేర్చావు. కొట్లో బేరాలాడి బేరాలాడి నోరు పదునెక్కింది. విప్పావు, సరే. చూశావు, సరే. మళ్లీ కట్టేసి ఊరుకోవచ్చుగా? బండిలో వేసుకుని ఇంటింటికీ తిరిగి వెనక్కిచ్చి వస్తావా! బుద్ధున్నవాడు చేసే పనేనా?"

"సరుకు బాగోలేకపోతే వాపసు చెయ్యడం కొట్టు నడిపే ప్రతివాడూ చేసే పనే. మూట మీద పేరుంది, ఇల్లు తెలుసు. దారిలో ఎక్కడా తప్పిపోలేదు."

"ఆ పేర్లు మైకులో చదవడానికి రా, ఇల్లు వెతకడానికి కాదు! సాయంత్రం పై కమిటీ పెద్దాయన వస్తున్నాడు. ఎంత బతిమాలితే ఒప్పుకున్నాడో నీకేం తెలుసు? లారీ ముందు నిలబడి జెండా ఊపుతాడు. నేను పేర్లు చదవాలి. ఏం చదవను? సగానికి పైగా మూటలు వాళ్ల వాళ్ల గుమ్మాల్లో ఉన్నాయి!"

"మిగిలినవాళ్లవి చదవండి. వాళ్లు మంచివిచ్చారు. దుప్పట్లు, రగ్గులు, పిల్లల స్వెట్టర్లు. పొద్దున్నే లారీలో ఎక్కించేశాం."

"సగం ఖాళీ లారీకి జెండా ఊపుతాడా ఆయన?"

"ఊపేది జెండా. లారీ బరువుతో ఆయనకేం పని?"

"పోయిన వరదలప్పుడు పక్క ఊరి క్లబ్బు నిండు లారీ పంపింది. పేపర్లో వేశారు."

"మనదీ నిండుగానే వెళ్లింది కదా అప్పుడు."

"అదే అంటున్నాను నేనూ!"

"వెళ్లింది. వెళ్లాక ఏమైందో ఎప్పుడైనా అడిగారా?"

"అడగడమేంటి? పంచుకుని ఉంటారు."

"మొన్న మనం బట్టలు పంపే ఆ వరద ఊరి నుంచి నాకు ఫోనొచ్చింది. అక్కడ ఒక నర్సమ్మ ఉంది. శిబిరం మొత్తం ఆవిడే చూసుకుంటుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్దామనే వచ్చాను. ఎవరి నోట్లోనో చెయ్యి పెట్టి ఉన్నారు. తర్వాత రమ్మని కనుబొమ్మలతో సైగ చేశారు."

"సరే సరే. ఏమంది?"

"'మీవాళ్లు మళ్లీ బట్టలు పంపుతున్నారట, చాలా సంతోషం బాబూ. పోయినసారి మీ మూటలతో నెల్లాళ్లు నీళ్లు కాచుకున్నాం' అంది."

"నీళ్లు... ఏంటీ?"

"కాచుకున్నారు బావా. పొయ్యిలో పెట్టి. కట్టెలన్నీ తడిసిపోయాయిగా మరి. 'ఈసారి నైలాను కాస్త తగ్గించండి, పొగ ఎక్కువ వస్తుంది, పిల్లలు దగ్గుతారు' అంది."

"ఎగతాళి చేసిందన్నమాట."

"ఎగతాళి అయితే బాగుండేది. నిజంగానే అడిగింది. మనం వాటిని పొయ్యిలోకే పంపుతున్నాం అనుకుంది పాపం."

"అందుకని?"

"ఫోను పెట్టేసి, వచ్చి మొదటి ముడి కత్తిరించాను. మా ఇంటి మూటే."

"మీ ఆవిడ కట్టిందా?"

"ఆవిడే. పైన కనపడేలా ఒక మంచి షాలు. కింద అంతా జిప్పులూడిన ప్యాంట్లు. మొదట వాపసు ఇచ్చింది మా ఇంట్లోనే. ఏమందో చెప్పమంటారా?"

"వద్దులే. వీధి వీధంతా విన్నది."

"తర్వాత మీ ఇంటి మూట విప్పాను. అందులో ఒక కోటు. మీ పెళ్లి కోటు బావా! గుర్తుపట్టాను. ఒక చెయ్యే ఉంది."

"రెండో చెయ్యి మా కుక్క నమిలింది. అందుకే ఇచ్చేశాం."

"కుక్క నమిలింది కాబట్టి మనిషికిచ్చారు."

"ఒరేయ్!"

"నేను మీరన్న మాటే అన్నాను. వెనక ముందు చేశానంతే."

"మీ అక్కతో ఏమన్నావు?"

"అందర్నీ ఏమడిగానో అక్కనీ అదే అడిగాను. 'ఇది నువ్వు తొడుక్కుంటావా?' అని. మొహాన తలుపు వేసింది."

"వెయ్యదూ మరి! పొద్దుట్నుంచి మీ అక్క మెతుకు ముట్టలేదు. నాతో మాట లేదు. భోజనానికి ఇంటికెళ్తే ముందు గదినిండా ఆడవాళ్లు. నువ్వు మూటలు తిరిగిచ్చినవాళ్లే అందరూ. హెడ్‌మిస్ట్రెస్ గారు, బ్యాంకు మేనేజరు భార్య, ఆ మందుల షాపు ఆవిడ, మీ ఆవిడ కూడా..."

"మా ఆవిడా?"

"మీ అక్క పక్కనే ఉంది. అక్కతో కలిపి పదకొండుమంది. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే గప్‌చిప్. మత్తింజెక్షన్ ఇచ్చాక కూడా అంత నిశ్శబ్దం చూళ్లేదు నేను. మీ అక్క నన్ను చూసి 'అన్నం గిన్నెలో ఉంది, తినేసి క్లినిక్కి వెళ్లండి' అంది."

"తిన్నారా?"

"తిన్నాను. ఏం, తినకూడదా? అసలు సంగతి విను. ఆ పదకొండుమందీ కలిసి నిన్ను క్లబ్బులోంచి గెంటించడానికే కూర్చున్నారు. రాసిపెట్టుకో."

"గెంటమనండి."

"అది నేను ఆపగలను. బావగా ఆపగలను."

"ఇందాక అధ్యక్షుడిగా వచ్చారుగా?"

"నోర్మూసుకుని విను. ఇప్పుడే బండి తీసుకుని వెళ్లి ఆ మూటలన్నీ వెనక్కి తెచ్చి లారీలో వెయ్యి. సాయంత్రం మైకు ముందుకొచ్చి 'నావల్ల పొరపాటు జరిగింది' అను. ఒక్క ముక్క. మిగతాది నేను చూసుకుంటాను."

"పొరపాటు జరగలేదే."

"జరిగిందని అనమంటున్నాను, జరిగిందా అని అడగలేదు!"

"అనను."

"అనకపోతే లారీ కదలదు. తాళం ఇదిగో, నా జేబులో ఉంది."

"బావా, అక్కడ జనం తడి నేల మీద పడుకుంటున్నారు. లారీలో ఉన్న దుప్పట్లు ఇవాళ బయల్దేరితే పొద్దున్నకి చేరతాయి. దుప్పట్లకీ నా క్షమాపణకీ ఏంటండీ సంబంధం?"

"సంబంధం నువ్వే తెచ్చావు. నీ మొండితనం వల్ల ఆగితే ఆ పాపం నీదే."

"నా నెత్తిన పెట్టెయ్యకండి. తాళం మీ జేబులో పెట్టుకుని పాపం నా జేబులో వేస్తారా? ఇస్తే ఇవ్వండి, లేకపోతే లేదు. మా కొట్టు సరుకు ఆటో ఉంది. మూడు నాలుగు ట్రిప్పులైనా సరే, నేనే తోలుకుపోతాను."

"లారీలో ఉన్నవి క్లబ్బు సొత్తు. ఒక్క దుప్పటి దించినా దొంగతనమవుతుంది."

"అవనివ్వండి. దొంగ దుప్పటి కూడా వెచ్చగానే ఉంటుంది."

"నీకు పరువంటే లెక్కలేదా? రేపట్నుంచి నీ కొట్టు గుమ్మం ఎవడూ తొక్కడు."

"తొక్కకపోతే నేనే బయటికెళ్లి అమ్ముకుంటాను. సైకిలు మీద బట్టల మూట పెట్టుకుని తిరిగినవాణ్ణే. కానీ ఒక మాట. నా కొట్లో కొన్న బట్ట చిరుగుందని ఎవరు తెచ్చినా మారు మాట్లాడకుండా మార్చి ఇస్తాను. డబ్బిచ్చినవాళ్లకి ఒక మర్యాద, వరదలో సర్వం పోయినవాళ్లకి ఇంకో మర్యాద... అది నావల్ల కాదు. ఇదిగో మీ బ్యాడ్జీ. పిన్ను వంగింది, వేలికి గుచ్చుకోకుండా పట్టుకోండి."

"మీ వంశం మొత్తం ఇంతే. మంకుపట్టు."

"తెలిసే పిల్లని చేసుకున్నారుగా."

"సరే. నా మాట వినవు. మీ అక్క మాట వింటావుగా? ఇందాకట్నుంచీ ఫోనెత్తట్లేదు, ఇప్పుడెత్తుతుంది. ఉండు, స్పీకర్లో పెడతాను. నీ సంగతి ఆవిడే చెప్తుంది... హలో! హలో, ఏమోయ్, ఎక్కడున్నావు? ఆ చప్పుడేంటి?"

"గట్టిగా చెప్పండి, గాలికి వినపడట్లేదు!"

"మీ తమ్ముడి దగ్గరున్నాను! మూటలు వెనక్కి తెమ్మంటే తేనంటున్నాడు. నువ్వే చెప్పు వీడికి!"

"తేవడానికి అవి ఇళ్లల్లో ఉంటేగా?"

"ఉంటేగా ఏంటి? మరెక్కడున్నాయి?"

"లారీలో."

"ఏ లారీలో?"

"క్లబ్బుకి ఎన్ని లారీలున్నాయండీ? ఉన్నదొక్కటేగా. మేమూ అందులోనే ఉన్నాం."

"మేమూ అంటే... తాళం నా జేబులో ఉంది కదే!"

"రెండోది ఫ్రిజ్ మీద డబ్బాలో ఉంది. మీరే పెట్టారు. డ్రైవర్ని ఏమీ అనకండి, వద్దు మొర్రో అంటూనే ఉన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు ఒక్కసారి గద్దించారు, ఎక్కి కూర్చున్నాడు. పెద్ద వంతెన కూడా దాటేశాం."

"అక్కా! ఆ చింపిరి బట్టలు మళ్లీ అక్కడికేనా? మళ్లీ పొయ్యిలోకేనా? నేను ఊరంతా తిరిగి తిట్లు తిన్నది ఇందుకా?"

"ఆగు తమ్ముడూ. గుమ్మం ముందు నువ్వు మాట్లాడావు, నేను విన్నాను. ఇప్పుడు నువ్వు విను. ఆ నర్సమ్మ నంబరు మీ ఆవిడని అడిగి తీసుకున్నాను. ఫోన్ చేసి, 'మీకేం కావాలమ్మా' అన్నాను. ఇన్నిసార్లు ఇంతమంది పంపారు కానీ ఆ మాట ఎవరూ అడగలేదట."

"ఏం కావాలంది?"

"కప్పుకోడానికి ఇన్ని దుప్పట్లుంటే చాలంది. కానీ ఇళ్లల్లోకి ఎవరూ వెళ్లలేకపోతున్నారట. నీళ్లు పోయాయి, బురద పోలేదు. గోడలకి, మంచాలకి, గిన్నెలకి అంతా బురదే. ఎత్తిపోసేవాళ్లు లేరు, తుడుద్దామంటే పొడి గుడ్డపేలిక కూడా లేదు అంది. గుడ్డపేలికలా తల్లీ, మా ఊళ్లో లారీడున్నాయి అన్నాను."

"అయ్యో... బట్టల వ్యాపారిని నేను. నాకు తట్టలేదే ఆ సంగతి!"

"నీకెలా తడుతుంది? నువ్వెప్పుడైనా ఇల్లు తుడిచావా?"

"ఏమోయ్, అయితే గుడ్డలు పంపితే సరిపోతుందిగా! మీరెందుకు ఎక్కడం? వాళ్లిళ్లు వాళ్లు తుడుచుకోరా?"

"వాళ్లలో సగంమంది జ్వరాలతో పడున్నారు. అయినా చిరుగులు మూటగట్టింది మేము. వాటితో వాళ్లచేత చాకిరీ చేయిస్తామా? ఎవరి మూట వాళ్లే విప్పుతాం, ఎవరి గుడ్డతో వాళ్లే తుడుస్తాం. పదకొండుమందిమీ అదే అనుకుని వచ్చాం."

"ముందు వెనక్కి తిప్పమను బండి! పెద్దాయన వస్తాడు, కమిటీ అంతా ఉంటుంది. అధ్యక్షుడి భార్యే లారీ ఎత్తుకుపోయిందంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? నిన్ను కూడా క్లబ్బులోంచి..."

"క్లబ్బులోంచి? ఏం చేస్తారు, తీసేస్తారా? మీ క్లబ్బులో ఆడవాళ్లకి సభ్యత్వమే లేదుగా. మూటలు కట్టడానికి, మీటింగులకి టీ పెట్టడానికి తప్ప మమ్మల్ని ఎప్పుడు లోపలికి రానిచ్చారు? లేనివాళ్లని దేంట్లోంచి తీసేస్తారండీ?"

"నువ్విలా అందరి ముందూ..."

"అందరూ వింటున్నారు. నవ్వుతున్నారు కూడా. తమ్ముడూ, మీ ఆవిడ చెప్పమంటోంది, నాలుగు రోజులు నీ వంట నువ్వే చేసుకోవాలట. మీ బావకీ అందులోనే ఇంత పెట్టు. ఆయనకి అన్నం వార్చడం కూడా రాదు. ఇంక మట్టి రోడ్డు వచ్చింది, ఉంటాను."

"హలో... హలో! ఏమోయ్!"

"పెట్టేసింది బావా."

"పెట్టేసింది."

"ఆ తానుల మీద కూర్చోండి. నీళ్లు తాగుతారా?"

"ఇప్పుడు పెద్దాయనకి ఏం చెప్పను రా? క్లబ్బు హాలు ముందు కుర్చీలు వేసేశారు. లారీ లేదు. మూటలు లేవు. పేర్లు చదివితే లేచి నిలబడ్డానికి మనుషులు లేరు. ఏం మిగిలింది మనకి?"

"ఇక్కడా? ఖాళీ గోడౌను, ఖాళీ స్టేజీ, వంట రాని ఇద్దరు మగాళ్లం. ఆ ఊరికి మాత్రం ఇరవై రెండు చేతులు వెళ్తున్నాయి. నా ఇన్నేళ్ల వ్యాపారంలో ఇంత లాభం చూళ్లేదు బావా."