టైలరు కంపెనీకి పెట్టిన గడువు

"మీరు వెతికేది మీకూ మాకూ మధ్యే ఉంటుంది."

ఈ ఒక్క వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చువేయించి, కొలతల అద్దం పక్కన అంటించాడు టైలరు. సెర్చ్ కంపెనీ స్వయంగా జనానికిచ్చిన మాట అది. షాపుకొచ్చిన ప్రతివాడి చేతా దాన్ని పైకి చదివించిగానీ మెడలోని టేపు తీసేవాడు కాదు.

ఆ మధ్యాహ్నం ముగ్గురు చిక్కారు. సంచి దించి కూర్చున్న పోస్ట్‌మాన్ బాబాయ్, టీ గ్లాసులు పట్టుకొచ్చిన ఎదురుకొట్టు పిన్ని, మూలన తల వంచుకుని కాజాలు కుడుతున్న సొంత అక్క.

"మాట తప్పారు బాబాయ్!" అని మొదలెట్టాడు టైలరు. " నేనేదో వెతుక్కుంటే, పట్టుకెళ్లి ప్రకటనలవాళ్ల చేతిలో పెట్టారు. మనం వాళ్ల కస్టమర్లం కాదు, వాళ్ల సరుకు! ఊరుకుంటానా? అప్పటికప్పుడు వాళ్ల సెర్చ్ పీకి పారేసి కొత్తది పెట్టాను. ఇది మహా మతిమరుపుది. అడిగింది చెబుతుంది, అడిగినవాణ్ణి మర్చిపోతుంది."

"మా అల్లుడూ మార్చాడులే," అన్నాడు పోస్ట్‌మాన్ టీ ఊదుకుంటూ.

టైలరుకి రోషం వచ్చింది. తన గ్లాసు ఇస్త్రీ బల్ల మీదే వదిలేసి లేచాడు.

"మీ అల్లుడు మారిస్తే ఎవడికి పట్టింది? నేను మార్చిన గంటలో ఫోను! మేనేజరు. 'మీరే వెళ్లిపోతే ఇక మాకెవరున్నారు సార్' అని ఒకటే గోల. పెట్టేశాను. మర్నాడు పదిమంది దిగారు, పదిమందికీ ఒకటే రంగు టై. పొమ్మన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందేం?" అంది పిన్ని.

"హెలికాప్టరు! కంపెనీ పెద్దాయన, సాక్షాత్తూ ఆయనే, మన డాబా మీద దిగాడు."

"డాబా మీద నీళ్ల ట్యాంకుంది కదయ్యా?"

"ట్యాంకుకీ గోడకీ మధ్య దింపాడు పిన్నీ, ఆ డ్రైవరు పనిమంతుడు. పెద్దాయన కోటు చూస్తే నాకే జాలేసింది, భుజం దగ్గర అంగుళం ఎక్కువ. 'సొంత భుజం కొలతే తెలీదు, జనం మనసులు కొలుస్తారా?' అన్నాను. అంతే, నా మెషీన్ మీద తల పెట్టుకుని భోరుమన్నాడు."

"పాపం," అన్నాడు పోస్ట్‌మాన్.

"జాలి పడకు బాబాయ్, దోపిడీదారు! వెళ్లినవాడు మళ్లీ రాలేకపోయాడు. ఎలా వస్తాడు, కొత్త సెర్చ్ పుణ్యమా అని అప్పటికి నేను కనబడితేగా? వాళ్ల ఉపగ్రహం ఈ వీధి మీదుగా పోతే, షాపున్న చోట ఖాళీ స్థలం కనబడిందట. నా నీడ పడ్డం మానేసింది. నిన్న పొద్దున ఇదిగో, ఈ అద్దం ముందు నిలబడితే, 'ఎవరు కావాలండీ?' అనడిగింది!"

"మరి ఉత్తరాలు నేనెలా తెచ్చిస్తున్నాను?"

"నీకొక్కడికీ మినహాయింపు ఇచ్చాను బాబాయ్." టైలరు ఛాతీ విరుచుకున్నాడు. "పదహారు పేజీల నోటీసు పంపాను. పద్దెనిమిదో తారీఖు లోపు జవాబివ్వాలి. లేకపోతే వాళ్లు దుకాణం కట్టేసుకోవడమే!"

"ఇంతకీ నువ్వు వెతికిందేమిట్రా?" అంది అక్క, తల ఎత్తకుండానే.

"ఏదో... కాలర్లు."

"కాలర్లు గోడ మీది టీవీలో చూపించావు. డిజైన్లు చూపించడానికని ఫోను ఎప్పుడూ దానికే తగిలించి ఉంచుతావు కదా. ఆ కాలర్ల బొమ్మల మధ్యే వచ్చిందిరా, నువ్వు చాటుగా వెతికినదాని ప్రకటన. 'చేతులు వణుకుతున్నాయా? ఆలస్యం చేయకండి' అని, గోడంత. నేను చూశాను. పిన్ని చూసింది. కోటు కొలతలకొచ్చిన బాబాయీ చూశాడు."

టైలరు నోరు తెరిచాడు గానీ హెలికాప్టరు రాలేదు. బల్ల మీద టీ మీగడ కట్టింది. మూడు వారాలుగా పిన్ని తన గ్లాసు సగమే నింపుతోందని ఇప్పుడు తట్టింది. కోటుకేం తొందర్లేదని బాబాయ్ గుడ్డ వెనక్కి తీసుకెళ్లిందీ ఆ ప్రకటన చూశాకే.

"బయట ఎవరి దగ్గరా అనలేదయ్యా," అంది పిన్ని మెల్లగా.

"మా ఇంటావిడకి కూడా చెప్పలేదు," అన్నాడు పోస్ట్‌మాన్.

అక్క సూది పైకెత్తింది. "ఇందులో దారం ఎన్నాళ్లు నాచేత ఎక్కిస్తావు? కంపెనీకి గడువు పెట్టావు, బాగుంది. డాక్టరు గడప తొక్కావా?"

టైలరు ఇస్త్రీ బల్ల దగ్గరికి నడిచాడు. చల్లారిన గ్లాసుని రెండు చేతులా పట్టుకుని, అందరి ఎదుటా ఎత్తాడు. సగం చొక్కా మీదే ఒలికింది. మిగతాది గుక్కలో తాగి, ఖాళీ గ్లాసు పతకం అందుకున్నవాడిలా పిన్ని చేతికిచ్చాడు.

"రాసుకో అక్కా. రేపే వెళ్తున్నాను, డాక్టరుకీ నోటీసే. ఇది నరమో, అలసటో, కత్తెర వదిలెయ్యాల్సిన జబ్బో, నీళ్లు నమలకుండా చెప్పాలి. కంపెనీకైనా డాక్టరుకైనా నా దగ్గర ఒకటే గడువు. పద్దెనిమిదో తారీఖు, సాయంత్రం అయిదింటిలోగా నాకు జవాబు కావాలి."