మోకాలున్న బ్రాకెట్

అలా గోడవైపు తిరిగి పడుకుంటే నేనెవరితో మాట్లాడాలి నానమ్మా, గోడతోనా? దాంతో పొద్దుట్నుంచీ మాట్లాడుతూనే ఉన్నాను. డ్రిల్లు పెట్టిన ప్రతిచోటా పొడి రాల్చుకుని ఏడ్చింది. నీకంటే అదే నయం, ఏదో ఒక బదులిచ్చింది.

అలిగావని తెలుసు. మొన్నట్నుంచి కిటికీకి కర్టెన్ లేదు, ఎదురు మేడవాళ్లు నిన్ను చూస్తున్నారు, అంతేగా? చూడనీ. ఇన్నాళ్లూ వాళ్లింట్లో ఎవరు ఎప్పుడు లేస్తారో, ఎవరు ఎవరితో మాట్లాడ్డం మానేశారో నువ్వు చూళ్లేదా? పాపం, వాళ్లకీ ఓ అవకాశం రావాలి కదా.

భుజం కదిలింది. నవ్వావు. సరే, నవ్వలేదు, దగ్గొచ్చింది అనుకుంటాలే.

ఇటు తిరుగు, టైము లేదు. నాన్న వడ్రంగిని తీసుకురావడానికి వెళ్లాడు. ఎందుకో తెలుసుగా? విప్పితే తప్ప ఈ మంచం మెట్ల మలుపు దగ్గర తిరగదు. విప్పి, కింద గదిలో బిగిస్తారట. ఆ గది కిటికీ తీస్తే ఏముంది? పక్కింటి గోడ. అక్కడ కూర్చుని ఏం చూస్తావ్, సున్నం ఎక్కడ ఊడిందో చూస్తావా? ఇక్కడైతే సైకిలు షాపుంది, బస్టాపుంది, రోజూ బస్సు తప్పిపోయి గొడుగుని తిట్టే ఆ బట్టతలాయన ఉన్నాడు. ఆయన సంగతులు నాకిక ఎవరు చెప్తారు?

పోట్లాడాను నాన్నతో. మొన్న కర్టెన్ కడ్డీ భుజమ్మీద పడింది, రేపు నెత్తిమీద పడుతుంది అంటాడు. చివరికి విసిగిపోయి ఒక మాటిచ్చాడు. తను వచ్చేసరికి ఆ కర్టెన్ నిలబడి ఉంటే, వడ్రంగి టీ తాగి వెళ్లిపోతాడట. కర్టెన్ అనే అన్నాడు. అంటూ నీ మంచం వైపు చూశాడు.

ఈ ఇంట్లో అందరం కర్టెన్ అనే అంటాం. పొద్దున్నే నువ్వు దాన్ని పట్టుకుని మంచం మీంచి లేస్తావు. అమ్మ చూసి, అత్తయ్యగారు వెలుతురు కోసం కర్టెన్ తీస్తున్నారు అంటుంది. సాయంత్రం మళ్లీ పట్టుకుని లేస్తావు. దుమ్మొస్తోందని వేస్తున్నారు అంటుంది. ఇంత వెలుతురు, ఇంత దుమ్ము ఈ వీధిలో ఇంకే ఇంటికీ వచ్చి ఉండవు.

పోనీ మేమేమైనా తక్కువ చేశామా? చేతికర్ర తెస్తే దాంతో మూలల్లో బూజు దులిపించావు. నాలుగు కాళ్ల స్టాండు తెస్తే దానిమీద లంగాలు ఆరేశావు. మంచం పక్కన గోడకి పట్టుకుని లేవడానికి స్టీలు పిడి బిగిస్తే, తువ్వాలుకి బాగా కుదిరిందే అన్నావు. నీకు సాయం వద్దు. కర్టెన్ అయితే ఫర్వాలేదు. అది సాయం కాదు, సామాను.

అందుకే ఆ సామాను సంగతి నేను చూడాల్సొచ్చింది. 'చదివి చదివి మేకులు గీస్తోంది' అని నా డిజైన్ ఉద్యోగం గురించి చుట్టాలందరికీ చెప్పావు చూడు, ఆ మేకుల చదువు ఇప్పుడు నీ గదికే అక్కరకొచ్చింది.

మొదటిసారి కడ్డీ ఎందుకూడిందో చెప్పనా? పాత బ్రాకెట్ పైకి నోరు తెరుచుకుని ఉండేది. కడ్డీ దాంట్లో ఊరికే కూర్చునేది, బస్సులో సీటు చివర కూర్చున్నవాడిలా. కర్టెన్‌ని పక్కకి లాగితే దానికేం కాదు. నువ్వు పక్కకి లాగవు, నీ మీదికి లాగుతావు. ఒక్క గెంతులో బయటికొచ్చేసింది. నువ్వేమో పిల్లి దూకిందన్నావు. మనింట్లో పిల్లి లేదు నానమ్మా.

సరే, ఆ నోరు మూశాను. పైన మూత పెట్టి, కింద నుంచి స్క్రూ బిగించాను. కడ్డీ ఇక కదల్లేదు. నేనెంత గొప్పదాన్నో అని నాలో నేనే మురిసిపోయాను. మరి మొన్న ఏమైంది? కడ్డీ బ్రాకెట్‌ని వదల్లేదు. బ్రాకెట్టే గోడని వదిలేసింది. స్క్రూలు, వాటికోసం గోడలో దూర్చిన ప్లగ్గులు, ఓ సిమెంటు పెచ్చు, అన్నీ కట్టగట్టుకుని నీమీదికొచ్చాయి.

చప్పుడు విని పరిగెత్తుకొచ్చాను. నువ్వు నేలమీద కర్టెన్ కప్పుకుని కూర్చునున్నావు. జుట్టు నిండా గోడ పొడి. 'మాసిపోయింది, ఉతకడానికి దింపాను' అన్నావు. నేను నవ్వాను కదా అప్పుడు? నవ్వుతూనే నీ జుట్టులో పొడి దులిపాను.

అప్పట్నుంచి నాకు కాలు నిలవడం లేదు. ఇంకా పొడుగు స్క్రూలు, ఇంకా లావు రేకు. గీస్తాను, కొట్టేస్తాను. చివరికి ఎక్కడ దొరికిందో తెలుసా? నీ దగ్గరే. కర్టెన్ లేదుగా, నిన్న అమ్మ చెయ్యి పట్టుకుని లేచావు, మొహం మాడ్చుకుని. చేత్తో లాగుతూనే, బాగున్న మోకాలిని కిటికీ కింద గోడకి అదిమిపెట్టావు. అలవాటు నీకది. అక్కడ గోడమీద మచ్చ కూడా పడింది. మోకాలు ఆనకపోతే చెయ్యొక్కటే ఎంతని లాగుతుంది?

అప్పుడు వెలిగింది నాకు. నా బ్రాకెట్‌కి చెయ్యుంది, మోకాలు లేదు. బరువు పడ్డప్పుడల్లా పై స్క్రూ ఒక్కటే గోడని పట్టుకుని వేలాడుతోంది, పాపం.

ఇదిగో చూడు. వెనక రేకుని కిందికి సాగదీసి, కడ్డీ కూర్చునే చేతికి కింద నుంచి ఈ వంపు కాలు పెట్టాను. ఎంత లాగితే అంత గోడకి అదుముకుంటుంది. నీ మోకాలే ఇది, ఇనుములో. కాస్త సన్నగా వచ్చింది గానీ పొగరు అచ్చం నీదే.

ఆఫీసులో మా సారు నేను గీసిన బొమ్మ చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కర్టెన్‌కి ఇంత కాలెందుకమ్మా, దీనికి ఏనుగుని కడతారా అన్నాడు. మా ఇంట్లో ఒకటుంది సార్, ఎవరూ కట్టక్కర్లేదు, అదే పట్టుకుంటుంది అన్నాను.

ఆ, తిరిగావు. ఏనుగంటే గానీ తిరగవన్నమాట. అలా చూడకు, ముద్దుకే అన్నాను.

వర్క్‌షాపు గోడకి బిగించి నేనే వేలాడాను, కాళ్లు రెండూ పైకి ముడుచుకుని. సారు తలుపు తీసి చూసి, మళ్లీ తలుపేసి వెళ్లిపోయాడు. ఇందాక ఇక్కడ బిగించి, కర్టెన్ తగిలించాక, ఇక్కడా వేలాడాను. నువ్వు అటు తిరిగున్నావు గానీ అమ్మ చూసింది. దిగవే కోతీ అంది. కోతికి నిలబడింది, నిజమే. కానీ కోతి భయం భయంగా పట్టుకుంది. నువ్వలా పట్టుకోవు, ఒక్క గుంజు గుంజుతావు. పైగా వర్క్‌షాపు గోడ వేరు, మన గోడ వేరు.

బండి చప్పుడు విన్నావా? నాన్నే. గేటు దగ్గర ఇంకెవరో ఇనప సామాను దించుతున్నారు.

లే నానమ్మా.

చెయ్యివ్వనులే, భయపడకు. చూడను కూడా. స్క్రూ ఒకటి మంచం కిందికి దొర్లింది, ఇటుపక్క నుంచి దూరి వెతుక్కుంటాను. నువ్వు నీ వెలుతురేదో తెచ్చుకో.

ఇలా తల కింద పెట్టుకుంటే ఒక మాట చెప్పడం సులువుగా ఉంది. ఇది కర్టెన్ కోసం చేసింది కాదు. నీకూ తెలుసు, నాకూ తెలుసు, పోనీ. ఇనుముకి మోకాలు గీయగలిగాను. నీకు గీయలేను కదా. గోడ ఊడకుండా చూస్తాను, కడ్డీ ఊడకుండా చూస్తాను, నా చదువు అక్కడితో సరి. ఆపైన నాకేం చేతకాదు. పొద్దుట్నుంచి అదే తలుచుకుంటున్నాను. అందుకే ఇంత వాగుడు. ఏనుగూ లేదు, కోతీ లేదు. భయం.

రింగులు గలగలమన్నాయి. నేనేం వినలేదు.

మంచం కిర్రుమంది. అదీ వినలేదు.

పెచ్చు రాలిన చప్పుడు కోసం చూస్తున్నాను. రాలేదు. అదిగో, ఒక పాదం నేలమీదికొచ్చింది. కాస్త వణుకుతోంది, ఆగింది. రెండోదీ వచ్చింది. మడమలు రెండూ నేలకి అదుముకుని ఉన్నాయి.

వచ్చావా నాన్నా? అబ్బే, ఏం లేదు. స్క్రూ పడిపోయింది, వెతుకుతున్నాను. నానమ్మా? వెలుతురు కోసం కర్టెన్ తీస్తోంది. ఆయన్ని కూర్చోమను, టీ పెడతాను.